తల గాయం మానిన తరువాత: షరీఅత్, తిబ్బ్, నేటి వైద్యం – ఒక చారిత్రక పరిశీలన

ఒక ప్రయాణంలో సహాబాలలో ఒకరి తలకు రాయి తగిలి గాయమయింది. ఆ స్థితిలోనే ఆయనకు స్నానం విధి అయింది. తలపై నీళ్లు పడితే ప్రమాదమని భావించి, తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చునా అని తోటి ప్రయాణీకులను అడిగారు. నీళ్లు అందుబాటులో ఉండగా ఆ సౌలభ్యం లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. వారు తిరిగి వచ్చి సంగతి విన్నవించినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ మరణానికి వారినే బాధ్యులను చేసి కఠినంగా మందలించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందనీ, అజ్ఞానమనే జబ్బుకు అడగడమే మందు అనీ బోధించారు.

హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా అబూ దావూద్ గ్రంథంలోకి వచ్చిన ఈ ఉల్లేఖనం సనదు గురించి, అందులోని కొన్ని మాటల గురించి ముహద్దిసులలో చర్చ ఉన్నది. మనం దీనిని సాధారణంగా తయమ్ముమ్ ప్రకరణంలో చదివి ముందుకు పోతాము. కాని వైద్య చరిత్రను దృష్టిలో ఉంచుకొని చదివితే మరొక సంగతి కనిపిస్తుంది. ఆ సహాబీ రాయి తగిలిన క్షణంలో మరణించలేదు. ఆయనకు స్పృహ ఉన్నది, మాట ఉన్నది, తన స్థితిని గురించి ప్రశ్న అడగగల వివేకం ఉన్నది. మరణం తరువాత వచ్చింది. చుట్టూ ఉన్నవారు సదుద్దేశంతోనే, కాని తెలియని విషయంలో తెలిసినట్లు ఇచ్చిన సలహా వెంట వచ్చింది.

తల గాయానికి రెండు ప్రమాదాలుంటాయి. మొదటిది దెబ్బతో పాటే వస్తుంది. రెండవది రక్తం ఆగి, కుట్లు ఊడి, మనిషి ఇంటికి చేరిన తరువాత, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక వస్తుంది. ఈ రెండవ ప్రమాదాన్ని మన ధర్మశాస్త్రజ్ఞులు, హకీములు ఎంతవరకు గుర్తించారు, నేటి వైద్యం దానికి ఏమి చేర్చింది అన్నదే ఈ వ్యాస విషయం.

గాయాలకు పేర్లు, పరిహారాలు

ఫిఖ్‌హ్ గ్రంథాలలో తల, ముఖాల గాయాలకు ‘షిజాజ్’ అని ప్రత్యేకమైన పేరున్నది. శరీరంలోని మిగతా గాయాలను వేరుగా ఉంచి, వీటిని లోతును బట్టి సుమారు పది అంతస్తులుగా విభజించారు. చర్మం గీరుకుపోవడం మొదటి మెట్టు. తరువాత రక్తం కారడం, మాంసం తెగడం, ఎముకపై ఉండే పలుచని పొర వరకు చేరడం. ఎముక బయటపడితే ‘మూదిహా’, ఎముక చిట్లితే ‘హాషిమా’, ఎముక ముక్కలు స్థానం తప్పితే ‘మునఖ్ఖిలా’, మెదడును కప్పి ఉంచే పొర వరకు పోతే ‘మామూమా’, ఆ పొరనూ చీల్చితే ‘దామిగా’.

యమన్ ప్రజలకోసం దైవప్రవక్త (స) హజ్రత్ అమ్ర్ బిన్ హజ్మ్ (రజి) ద్వారా పంపిన లేఖలో మూదిహాకు 5 ఒంటెలు, మునఖ్ఖిలాకు 15 ఒంటెలు, మామూమాకు పూర్తి దియత్‌లో మూడవ వంతు నిర్ణయించబడ్డాయి. పూర్తి దియత్ 100 ఒంటెలన్నది విదితమే. హాషిమాకు 10 ఒంటెలన్న నిర్ణయం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) నుంచి వచ్చినది. మూదిహా కంటె తక్కువ గాయాలకు నిర్ణీత మొత్తం లేదు. నిపుణుల సహాయంతో ఖాజీ అంచనా కడతాడు.

మామూమా అన్న పేరులోనే ఒక చరిత్ర దాగి ఉన్నది. మెదడు పొరను అరబ్బులు ‘ఉమ్ముద్దిమాగ్’, అనగా మెదడు తల్లి అన్నారు. బిడ్డను తల్లి పొదువుకున్నట్లు అది మెదడును పొదువుకొని ఉంటుంది. అరబీ వైద్య గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్లినప్పుడు ఈ ‘తల్లి’ కూడా వెళ్లింది. నేడు ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు ఆ పొరను ‘డ్యూరా మేటర్’ అంటున్నారు. ‘గట్టి తల్లి’ అని దాని అర్థం.

తీర్పుకు ముందు నిరీక్షణ

గాయం ఎంత లోతో దెబ్బ తగిలిన రోజే కొలవవచ్చు. దాని పర్యవసానం ఆ రోజు తెలియదు. ఈ చిక్కును ఫుఖహాలు ‘సిరాయత్’ అన్నారు. అంటే గాయం ఒక చోట ఆగక మరొక అవయవానికో, ప్రాణానికో పాకడం.

దీనికి ఆధారంగా చూపబడే సంఘటన ఒకటి ఉన్నది. ఒకడు మరొకని మోకాలిలో కొమ్ముతో పొడిచాడు. గాయపడినవాడు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి ఖిసాస్ కోరాడు. గాయం మానేవరకు ఆగమని ఆయన సెలవిచ్చారు. అతను ఆగలేక మళ్లీ వచ్చి పట్టుబట్టగా ఖిసాస్ ఇప్పించారు. కొంత కాలానికి అతనే తిరిగి వచ్చి, తాను కుంటివాడినయ్యానని మొరపెట్టుకున్నాడు. ఆగమన్నా ఆగలేదు గనుక ఆ కుంటితనానికి ఇక పరిహారం లేదని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ తరువాత, గాయపడినవాడు కోలుకొనేవరకు గాయానికి ఖిసాస్ జరపరాదని నిషేధించారు. ముస్నద్ అహ్మద్‌లో, దారఖుత్నీలో ఈ ఉల్లేఖనం ఉన్నది.

హనఫీ, మాలికీ, హంబలీ ఫుఖహాలు దీనిని బట్టి గాయం మానేవరకు తీర్పు ఆపాలన్నారు. షాఫిఈల ప్రకారం వెంటనే జరపడం అనుమతించబడినా ఆగడమే మేలు. వారి వాదాల వెనుక ఉన్న తర్కం సూటియైనది. నేడు గాయంగా కనిపించేది రేపు హత్య కావచ్చు. ముగింపు తెలియని విషయానికి వెల కట్టడం న్యాయం కాదు.

ఇబ్ను ఖుదామా (1147–1223) తన ‘అల్ముగ్నీ’లో ఈ సూత్రాన్ని మరింత సూక్ష్మంగా విడమరచారు. దెబ్బవల్ల బుద్ధి పోతే పూర్తి దియత్ చెల్లించాలి. ఒక రోజు మతి తప్పి, ఒక రోజు స్వస్థంగా ఉండేవానికి అందులో సగం. పోయిన శక్తి కొంత కాలానికి తిరిగి రావచ్చునని నమ్మదగిన వైద్యులు చెబితే ఆ గడువు వరకు వేచి ఉండాలి. ఇక్కడ ఖాజీ వైద్యుని మాట వింటున్నాడు. వైద్యుడు రోగిని ఒక్కసారి చూసి వదలక, కాలక్రమంలో పరీక్షిస్తున్నాడు.

హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒకడు మరొకని తలపై రాయి విసిరాడు. గాయపడినవాడు బతికాడు. కాని అతని వినికిడి పోయింది, మాట పోయింది, బుద్ధి పోయింది, దాంపత్య శక్తి కూడా పోయింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఒక్క దెబ్బకు నాలుగు దియత్‌లు తీర్పు చెప్పారు. ఇబ్ను అబీ షైబా ముసన్నఫ్‌లో ఈ తీర్పు నమోదై ఉన్నది.

ఆ మనిషి దెబ్బతో మరణించి ఉంటే వారసులకు ఒక దియత్ వచ్చేది. బతికి ఉన్నందుకు నాలుగు వచ్చాయి. పైకి ఇది వింతగా తోస్తుంది. ఆలోచిస్తే ఇందులో వింత ఏమీ లేదు. మరణించినవాని ఖర్చు ఆగిపోతుంది. వినలేక, పలకలేక, తెలివి లేక బతికే మనిషికి ఎవరో ఒకరు జీవితాంతం తిండి పెట్టాలి, శుభ్రం చేయాలి, కాపలా ఉండాలి. తలపై ఉన్న చీలిక ఎంత పొడుగు అన్నదానితో ఆగక, ఆ తరువాత మనిషిలో ఏమేమి మిగిలాయి, ఏమేమి పోయాయి అని లెక్కించిన తీర్పు ఇది. ఒక దెబ్బ పలు శక్తులను వేరువేరుగా హరించగలదన్న వైద్య సత్యం అందులో ఇమిడి ఉన్నది.

హకీముల అనుభవం

తల గాయాల వైద్యం ముస్లింలతో మొదలు కాలేదు. ఈజిప్టు పపైరస్‌లలోనూ, హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలలోనూ ఈ చర్చ కలదు. 7వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఈజీనా వాసి పౌల్ రచన అరబీలోకి వచ్చి మన హకీములకు పాఠ్యగ్రంథమయింది. 12వ శతాబ్దానికి చెందిన షైజరీ తన హిస్బా గ్రంథంలో, ఎముకలు కట్టేవారు పౌల్ గ్రంథంలోని ఆరవ భాగాన్ని క్షుణ్ణంగా నేర్చి, మనిషిలోని ఎముకల సంఖ్య 248 అని తెలిసి ఉంటేగాని వారిని వృత్తిలోకి అనుమతించరాదని ముహ్‌తసిబ్‌కు సూచించాడు. సంఖ్య సరియైనది కాదు. పరీక్ష లేకుండా రోగి తలపై చెయ్యి వేయరాదన్న నియమం మాత్రం సరియైనదే.

పూర్వులనుంచి అందుకున్న విద్యకు సొంత అనుభవం జోడించినవాడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ. కొర్డోవా సమీపాన మదీనతుజ్జహ్రాలో 936 ప్రాంతంలో పుట్టి, 1013 ప్రాంతంలో మరణించాడు. ఆయన ‘అత్తస్‌రీఫ్’లో ముప్పయ్యవ భాగం పూర్తిగా శస్త్రవైద్యం. కపాలం చిట్లడంలో రకాలను చెబుతూ, వెంట్రుకవంటి సన్నని చీలిక ఒకటనీ, పిల్లల మెత్తని ఎముక రాగి పాత్రకు సొట్ట పడినట్లు లోపలికి కుంగడం ఇంకొకటనీ వర్ణించాడు. వాంతులు, ఈడ్పులు, మతి తప్పడం, మాట పడిపోవడం, తీవ్ర జ్వరం కనిపిస్తే ఆ రోగి దక్కడం అరుదని హెచ్చరించాడు. ఎముకకు రంధ్రం చేసే బర్మా మెదడు పొరలోకి దిగిపోకుండా మొనకు పైన అడ్డు గల పనిముట్లను వివరించాడు. పాడైన ఎముకను చలికాలంలో పద్నాలుగవ రోజు లోపల, వేసవిలో ఏడవ రోజు లోపల తీసివేయాలన్నాడు. ఎండకాలంలో పుండు త్వరగా చెడుతుందన్న అనుభవం ఆ గడువులో కనిపిస్తుంది.

ఆయన తన పరాజయాన్ని కూడా రాసిపెట్టాడు. తలలో నీరు చేరిన ఒక బాలుని చూశాననీ, రోజురోజుకూ తల పెరిగి ఆ బిడ్డ కూర్చోలేకపోయాడనీ, చివరికి మరణించాడనీ చెప్పి, ఇటువంటి చోట కత్తి పట్టకుండా ఉండడమే తనకు మేలుగా తోచిందన్నాడు. ఆ నీటికి దారి చూపడానికి ప్రపంచం మరి తొమ్మిది వందల ఏండ్లు ఆగవలసి వచ్చింది.

అబూబక్ర్ రాజీ (865–925) మెదడు వాపు రోగులలో కొందరికి రక్తం తీసి, కొందరికి తీయకుండా ఉంచి, ఫలితాన్ని పోల్చి చూశానని రాశాడు. రక్తం తీయడం మంచిదన్న ఆయన నిర్ణయం నేడు నిలవదు. పోల్చి చూడాలన్న ఆయన పద్ధతి నిలిచింది. పూర్వులను గౌరవించడమంటే ఈ రెంటినీ దాచకుండా చెప్పడమే.

ఈ విద్యను కాపాడడంలో మన గడ్డకూ భాగమున్నది. 1888లో హైదరాబాదులో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ రాజీ ‘అల్‌హావీ’ని 1955 నుంచి సంపుటాలుగా వెలువరించింది. అంతకు ముందే హిజ్రీ 1356లో ఇబ్నుల్ ఖుఫ్ (1233–1286) శస్త్రవైద్య గ్రంథం ‘అల్‌ఉమ్‌దా’ను రెండు సంపుటాలలో అచ్చు వేసింది. ఇబ్నుల్ ఖుఫ్ డమాస్కస్‌లో పనిచేసిన క్రైస్తవ వైద్యుడు. ముస్లిం పాలనలో క్రైస్తవుడు అరబీలో రాసిన పుస్తకం దక్కనులో అచ్చయి ప్రపంచ పండితులకు అందిందంటే విద్యకు సరిహద్దులు లేవని వేరే చెప్పనక్కరలేదు.

దారుష్షిఫా నుంచి ఇంటికి

1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నెలకొల్పిన మన్సూరీ బీమారిస్తాన్‌లో జ్వరాలకు, కంటి జబ్బులకు, శస్త్రవైద్యానికి వేరువేరు విభాగాలుండేవి. స్వస్థుడై వెళ్లేవానికి దుస్తులు ఇవ్వాలని దాని వఖ్ఫ్ పత్రంలో ఏర్పాటున్నది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. రోగి ఆసుపత్రి గడప దాటినంత మాత్రాన తన బాధ్యత తీరదని వఖ్ఫ్ చేసినవారు భావించారన్నది అందులోని అసలు సంగతి. మన హైదరాబాదులో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595 ప్రాంతంలో కట్టించిన దారుష్షిఫా ఈ సంప్రదాయానికి చెందినదే. ఆ పేటకు ఇప్పటికీ అదే పేరు.

అయితే గడప దాటిన తరువాత నెలల తరబడి ఏమవుతుందో గమనించి రాసే పని ఆ కాలపు గ్రంథాలలో తక్కువ. కారణం సులభంగా ఊహించవచ్చు. తీవ్రమైన తల గాయమైనవారు అంతకాలం బతకడమే అరుదు.

ఇరవయ్యవ శతాబ్దం తెలుసుకున్నది

రెండు ప్రపంచ యుద్ధాలు తల గాయాలతో బతికిన యువకులను వేలాదిగా ఇండ్లకు పంపాయి. మొదటి యుద్ధ కాలంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుర్ట్ గోల్డ్‌స్టైన్, రెండవ యుద్ధంలో ఉరల్ ప్రాంతంలో అలెగ్జాండర్ లూరియా ఇటువంటి సైనికులకు మాట, చదువు, పని తిరిగి నేర్పే కేంద్రాలను నడిపారు. 1971లో లండన్‌లో సి.టి. స్కాన్ తొలిసారి రోగిపై ఉపయోగపడింది. 1974లో గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్‌లు స్పృహ స్థాయిని కొలిచే పట్టిక ఇచ్చారు. బతికేవారు పెరిగారు. వారితో పాటే కోలుకొనే దశలోని చిక్కులూ బయటపడ్డాయి.

మొదటిది మూర్ఛ. దెబ్బ తగిలిన వారం లోపల వచ్చేది వేరు, నెలలకో ఏండ్లకో వచ్చేది వేరు. 1990లో 404 మంది రోగులపై ప్రకటించబడిన అధ్యయనంలో ఫెనిటాయిన్ మందు వాడినవారిలో తొలి వారంలో మూర్ఛ 3.6 శాతానికి, వాడనివారిలో 14.2 శాతానికి వచ్చింది. వారం దాటిన తరువాత రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. కనుక మందు ఎంతకాలం అన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. ఇంటివారు సొంతంగా మానిపించరాదు, సొంతంగా పొడిగించరాదు.

రెండవది జహ్రావీని ఓడించిన నీరే. 1957లో కొలంబియా రాజధాని బొగోటాలో రోడ్డు ప్రమాదానికి గురియైన 16 ఏండ్ల బాలుడు శస్త్రచికిత్స తరువాత కూడా మగతలోనే ఉండిపోయాడు. డాక్టర్ సాలమన్ హకీం వెన్నునుంచి కొద్దిగా నీరు తీయగా ఆ బాలుడు మాట్లాడాడు. ఈ జబ్బు వివరాలు 1965లో వైద్య పత్రికలకెక్కాయి. కోలుకుంటున్న మనిషి నడక మళ్లీ తడబడుతున్నా, మతిమరుపు పెరుగుతున్నా, మూత్రంపై అదుపు తప్పుతున్నా దానిని విధిరాతగా వదలివేయరాదు. సన్నని గొట్టంతో ఆ నీటికి దారి చూపే చికిత్స నేడున్నది.

మూడవది వృద్ధులలో మెల్లగా చేరే రక్తం. గడపకు తల కొట్టుకున్న వారాలకు తలనొప్పి, మత్తు, ఒక పక్క బలహీనత మొదలవుతాయి. 19వ శతాబ్దంలో దీనిని పొరల వాపు అనుకున్నారు. 1914లో లండన్ సర్జన్ విల్ఫ్రెడ్ ట్రాటర్ దీనికి మూలం దెబ్బేననీ, అది తరచు మరచిపోయేటంత చిన్నదనీ చూపాడు.

ఇవి కాక మంచానికి అంటుకున్నవారికి వచ్చేవి కొన్ని. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, మింగడం రాని నోట్లో పెట్టిన గంజి శ్వాసనాళంలోకి పోయి న్యుమోనియా కావడం, పడక పుండ్లు, కీళ్లు బిగుసుకుపోవడం, కొందరిలో కీలు చుట్టూ కొత్త ఎముక పెరగడం. పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఎడతెగని నీరసం ఆవరించడం కూడా ఉన్నది. వీటన్నిటికంటె ఇంటిని కుదిపేది స్వభావం మారడం. నెమ్మదస్తుడు కోపిష్ఠి అవుతాడు, కష్టపడేవాడు గోడకు చూపు నిలిపి కూర్చుంటాడు. దీనికి దిష్టి అనో, షైతాన్ ప్రభావమనో, పొగరనో పేరు పెట్టేవారు మన మధ్య ఎందరో. దెబ్బ తిన్నది మెదడు అన్న సంగతి కుట్ల మచ్చ వెంట్రుకలలో మరుగయ్యేసరికి అందరూ మరచిపోతారు.

మంచి ఉద్దేశమొక్కటే చాలదనడానికి నేటి వైద్యంలోనే గొప్ప సాక్ష్యమున్నది. మెదడు వాపు తగ్గుతుందన్న నమ్మకంతో తల గాయాలకు దశాబ్దాల తరబడి స్టిరాయిడ్లు ఇచ్చారు. 10,008 మందిపై జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. రెండు వారాలలో మరణించినవారు మందు తీసుకున్నవారిలో 21.1 శాతం, తీసుకోనివారిలో 17.9 శాతం. నమ్మకం వీగిపోయింది, పద్ధతి మారింది. రాజీ చేసిన పని మళ్లీ చేశారు, ఈసారి మరింత పకడ్బందీగా.

ఒక్క తీర్పు, దీర్ఘమైన జబ్బు

మన దేశంలో రోడ్డు ప్రమాద బాధితులకు మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది. తుది తీర్పు ఇచ్చిన తరువాత, చికిత్స ఖర్చు మళ్లీ పెరిగిందని మరొక తీర్పు కోరడానికి ఆ చట్టంలో వీలు లేదనీ, కనుక భవిష్యత్తు ఖర్చును కూడా మొదటే లెక్కించాలనీ నాగప్ప కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మోకాలి గాయంతో వచ్చి తొందరపడిన ఆ మనిషి వృత్తాంతం ఇక్కడ గుర్తు రాక మానదు. అప్పు తీర్చాలన్న ఆరాటంలో రాజీపత్రంపై సంతకం చేసే కుటుంబం, తరువాత మూర్ఛ వస్తే, ఉద్యోగం పోతే, తలలో నీటికి గొట్టం వేయవలసి వస్తే ఎవరిని అడుగుతుంది? సంతకానికి ముందు వైద్యుని చేత రాబోయే చిక్కులను రాయించుకోవడం, న్యాయవాదికి ఆ కాగితం చూపడం అవసరం. హజ్రత్ ఉమర్ (రజి) లెక్కించినట్లు, పోయిన ప్రతి శక్తినీ వేరువేరుగా లెక్కించమని అడిగే హక్కు బాధితునికున్నది.

రెండు దృశ్యాలు

ఉహుద్ యుద్ధంలో (క్రీ.శ. 625) దైవప్రవక్త (స) శిరస్త్రాణం పగిలింది, ముఖానికి గాయమయింది. హజ్రత్ అలీ (రజి) నీళ్లు పోస్తుండగా హజ్రత్ ఫాతిమా (రజి) రక్తం కడుగుతున్నారు. నీళ్లతో రక్తం ఆగకపోగా ఎక్కువవుతున్నదని ఆమె గమనించారు. వెంటనే ఒక చాప ముక్కను కాల్చి, ఆ బూడిదను గాయానికి అద్దగా రక్తం ఆగింది. ఇది సహీహ్ హదీసులలో ఉన్న సంఘటన.

ఈ దృశ్యాన్ని మొదట చెప్పుకున్న ప్రయాణం పక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా గాయమున్నది, నీళ్లున్నాయి, ప్రేమించేవారు చుట్టూ ఉన్నారు. ఒకచోట గాయపడినవాని భయాన్ని ఎవరూ లెక్కచేయలేదు. ఇంకొకచోట ఒక కూతురు గాయాన్ని చూస్తూ ఉన్నది. తాను చేస్తున్నది పనిచేయడం లేదని గుర్తించి, పద్ధతి మార్చింది.

తల గాయమైన మనిషి ఇంటికి వచ్చిన తరువాత ఇంటివారు చేయవలసినది ఇంతే. మచ్చను చూసి తృప్తి పడక మనిషిని చూడాలి. నిన్నటి నడకను నేటి నడకతో, నిన్నటి మాటను నేటి మాటతో పోల్చాలి. వెనుకడుగు కనిపిస్తే వైద్యుని అడగాలి. అడగడమే మందు అన్న బోధ మొదట ఒక తల గాయం సందర్భంలోనే వెలువడిందన్నది మనం మరువరాదు.